చాయ్ తర్వాత

మొన్న మా వాడలో ఒక గృహప్రవేశానికి వెళితే తాంబూలంలో రవికె గుడ్డ, అరటిపండ్లతో పాటు ఒక చిన్న పుస్తకం పెట్టి ఇచ్చారు. మనసును గెలిచి రోగాన్ని గెలవడం ఎలాగో చెప్పే పుస్తకం. ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తెరిచాను. "సోదరీ, నీకు కంటి నిండా నిద్ర పట్టి ఎన్నాళ్లయింది?" అని ఉంది. రాసినవాళ్లు వేరు, అచ్చు వేసిన ఊరు వేరు. ఇన్నేళ్ల తర్వాత ప్రశ్న మాత్రం అదే! మా వకీలు బావ బతికుంటే ఈ పుస్తకాన్ని ఈపాటికి పీట ఎక్కించేవాడు.

బావ అంటే వరసకు బావ. బాన్సువాడలో మా అత్తగారింటి గోడకు ఆనుకుని ఉండేది ఆయన ఇల్లు. మా ఆయన ఆయన్ను అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు బావ అయ్యాడు. నేను కాపురానికి వచ్చింది నిజాంసాగర్ కాలువలు పారడం మొదలైన కొన్నేళ్లకు. అప్పటికే ఆయన కచేరిలో పేరున్న వకీలు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. షేర్వాణీ మెడ బొత్తం ఏనాడూ పెట్టుకునేవాడు కాదు. జేబులో ఎప్పుడూ పుట్నాల పప్పు ఉండేది. ఎవరేం చెప్పినా ఒక కన్ను మూసి, చిటికెన వేలు పైకెత్తి, "ఎట్ల తెలుసు?" అనేవాడు. వాన వచ్చేటట్టుందన్నా అదే మాట, ఫలానా వారి కోడలు మంచిదన్నా అదే మాట. ఒకసారి మా అత్త, "నీకు ఆకలైతుందని నీకెట్ల తెలుసు నాయినా?" అని అడిగితే పాపం చాలాసేపు ఆలోచించాడు.

కొత్త వకీళ్లకు ఆయన ఒకటే చెప్పేవాడు. "జవాబు తెలవని మాట సాక్షిని అడుగొద్దు. అడిగితె చేతులు కాలుతయి."

ఆయనకొక విచిత్రమైన వ్యసనం. కొందరికి నశ్యం, కొందరికి పేకాట, ఆయనకు మనశ్శాంతి పుస్తకాలు. నిజామాబాదు వెళ్లినప్పుడల్లా సంచిలో వేసుకొచ్చేవాడు. దిగులు ఎలా పోతుంది, రోగం ఎలా పోతుంది, కోరింది ఎలా వస్తుంది, అన్నీ ఆ బాపతే. భక్తితో చదువుతాడేమో అనుకున్నాను కొత్తలో. భక్తా పాడా! ఆయన వాటిని కచేరికి ఈడ్చేవాడు.

శుక్రవారం కచేరికి సెలవు. ఆ రోజు పొద్దెక్కాక ఆయన వసారాలో చాప పరిచేవారు. మా ఆయన, బడిపంతులు, కచేరి గుమాస్తా, కొందరు రైతులు వచ్చి కూర్చునేవారు. మధ్యలో ముక్కాలిపీట, దాని మీద పుస్తకం. ఆ పీటే బోను, పుస్తకమే సాక్షి. మొదట సాక్షి బయాను. అంటే పుస్తకం తన తరఫున చెప్పుకునేదంతా బావే చదివి వినిపించేవాడు. "సాక్షి చెప్పేది పూరా వినాలె. నడుమ నవ్వినోడు లేచి పోవాలె," అనేవాడు ముందే. బయాను అయ్యాక చాయ్. చాయ్ తర్వాత జిరహ, అంటే సాక్షిని అడ్డంగా నిలదీయడం.

ఆ బయాను ఆయన చదివే తీరు చెప్పాలి. కచేరిలో కరకుగా మోగే గొంతు పుస్తకం పట్టగానే మెత్తబడేది. ఎంత న్యాయం మనిషంటే, ఎదుటివాడి వాదన వాడికంటే తానే బాగా వినిపించాలనుకునేవాడు. "సోదరీ" అన్న మాట దగ్గర కొద్దిగా ఆగేవాడు. తలుపు వెనక మాకు కళ్లనీళ్లు తిరిగేవి.

తలుపు వెనక ఉండేది నేనూ, వదినా. వదిన బావకు సొంత చెల్లెలు. చిన్నప్పుడే మొగుడు పోతే బావ వెళ్లి ఇంటికి తెచ్చుకున్నాడు. బావ భార్య కూడా అప్పటికే పోయింది, ఆయన మళ్లీ చేసుకోలేదు. ఆ ఇంట్లో ఆ ఇద్దరే. వదినకు చదువు రాదు. పనిలో మాత్రం ఆమె చేతికి ఎదురులేదు. శుక్రవారం నేను సాయానికి వెళ్లేదాన్ని. బయాను వింటూ చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టేవాళ్లం. బయాను ముగిసే సమయానికి మా పని మొదలయ్యేది. చాయ్ వడగట్టి పంపడం, కప్పులు కడగడం, రొట్టెలకు పిండి కలపడం. పెరట్లో పనిలో ఉండగా వసారాలోంచి మగవాళ్ల నవ్వులు వినిపించేవి. మంచి మాటలు విని సంతోషపడుతున్నారనుకునేది వదిన. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

జిరహ నాకు ఇంట్లో దొరికేది. మా ఆయన ఇంటికొచ్చి, బావలా ఒక కన్ను మూసి, అంతా ఆడి చూపించేవాడు. మొదటిసారి చూసినప్పుడు చేతిలో పని వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. పొద్దున నన్ను ఏడిపించిన పుస్తకం అది, బావ పదే పదే పీట ఎక్కించింది కూడా దాన్నే. నీకు నిద్ర పట్టి ఎన్నాళ్లయింది, నీ దిగులు ఎవరికైనా చెప్పుకున్నావా, నీలో నీకే తెలియని శక్తి ఉందని అనిపించిందా అని మూడు ప్రశ్నలతో మొదలయ్యేది. దాని మీద బావ జిరహ ఇది: "మూడు మాటలు అడిగిండు. కాదనేటోడెవడు? నిద్ర చెడనోడున్నడా లోకంల? మూడుసార్లు అవునంటె నాలుగోసారి మెడ దానంతటదే ఊగుతది. గా నాలుగోదాంట్ల పెట్టిండు సరుకు." పుస్తకం వేసిన ఎత్తు ఒకటి దొరికినట్టు లెక్క. ఒక పుట్నాల పప్పు నోట్లో పడేది.

ఆకు మీది దుమ్ము తుడిస్తే పచ్చదనం కనిపించినట్టు మనసు మీది అనుమానం తుడిస్తే ఆరోగ్యం కనిపిస్తుందని రాసి ఉందట. "ఆకు పచ్చగుంటదని మనకెర్క, తుడిచి చూసినం. మనిషిని తుడిచి చూసినోడు ఎవడు? పోలిక సొగసుగనే ఉన్నది. సొగసు సాక్ష్యమైతదా?" మరొక పప్పు. ఒకానొక పట్టణంలో ఒక సోదరి మందు ముట్టకుండా జ్వరం నుంచి లేచిందని ఉంటే, "ఏ పట్టణం? గా సోదరికి పేరు లేదా? సమను ఏ పతాకు, ఏ ఇంటికి పంపాలె?" అని గుమాస్తా వైపు తిరిగేవాడు. అందరూ పడి పడి నవ్వేవారు.

చివరి పేజీ దగ్గర మాత్రం ఆయన నవ్వేవాడు కాదట. నమ్మినవారికి నయమవుతుంది, నయం కాలేదంటే నమ్మకం చాలలేదు అన్న మాట అది. "నయమైతె పుస్తకం గెలిచింది. కాకపోతె రోగి ఓడిండు. పుస్తకం ఓడే తొవ్వే లేదు గీండ్ల. గిసొంటి సాక్షిని నేను నా జన్మల చూడలె. సచ్చేటోనితోని కూడ తప్పు నాదే అనిపిస్తది," అనేవాడట.

వానాకాలంలో వదినకు చలిజ్వరం పట్టుకుంది. కాలువ నీళ్లున్న ఊళ్లలో అది మామూలే, వస్తూ పోతూ ఉండేది. బావ దవాఖాన నుంచి క్వినైన్ మాత్రలు తెచ్చిచ్చేవాడు. ఎన్ని తెచ్చినా జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. వదిన సగమైంది. బావ దవాఖానకు పోయి కాంపౌండరుతో కొట్లాట పెట్టుకున్నాడు. "గివి అసలు మాత్రలేనా, సున్నమా?" అని అరిచాడట. ఆ కాంపౌండరు మాత్రం ఏం చేస్తాడు?

ఒక శుక్రవారం వసారాలో బయాను నడుస్తోంది. వదిన పొయ్యి పక్కన గొంగడి కప్పుకుని వణుకుతోంది. నేను మాత్ర, చెంబుతో నీళ్లు ఇచ్చి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి ఆమె మాత్రను పొయ్యిలో బూడిద కిందికి తోస్తోంది. చాటుగా కూడా కాదు, నెమ్మదిగా, దీపం వత్తి సర్దుతున్నట్టు.

"ఏంది వదినా గది?" అన్నాను.

"మాత్ర మింగితె నమ్మకం లేదన్నట్టే గదనె పిల్లా. ఇన్నొద్దులు దాసుకున్న నమ్మకం ఒక్క మాత్రతోని పోతది. అన్న చదివిండు గద."

"అన్న గది తప్పని చెప్తడు గద వదినా, చాయ్ తర్వాత!"

వదిన నా ముఖంలోకి చూసింది. జ్వరంతో ఎర్రబడ్డ కళ్లు.

"చాయ్ తర్వాత ఏం చెప్తడు?" అంది.

ఇంటి మనిషికి వేరే చెప్పాలా అని ఊరంతా అనుకుంది. బావ కూడా అదే అనుకున్నాడు. ఇన్ని శుక్రవారాలు ఆమె సగమే విన్నది. ఆ సగం తన అన్న గొంతులో విన్నది. లోకంలో ఎవరు చెప్పినా నమ్మకపోయేదేమో! అబద్ధం ఆడని అన్న, కచేరిలో ఎదుటివాళ్లను గడగడలాడించే అన్న, అంత మెత్తగా చదువుతుంటే ఎలా నమ్మదు?

ఆ కాలంలో కోడలు మగవాళ్ల ముందుకు వెళ్లడమంటే చిన్న సంగతి కాదు. ఎలా వెళ్లానో నాకేం గుర్తు లేదు. వసారాలో చాప మీద నిలబడి ఉన్నాను, అంతే. "బావా, ఆపు," అన్నాను. మా ఆయన నోరు తెరిచాడు. "వదిన మాత్రలు మింగుతలేదు. పొయ్యిల వేస్తుంది. నువ్వు చదివింది నమ్మింది బావా. చాయ్ తర్వాత మేము పనిల ఉంటం. మీ జిరహ ఆమె ఎన్నడు వినలె."

ఆయన అలవాటుగా చిటికెన వేలు ఎత్తబోయాడు. ఎట్ల తెలుసు అని అడగబోయాడు కాబోలు. వేలు సగంలో ఆగిపోయింది. ఆ ముఖం నేనింకా మరిచిపోలేదు. చెంప మీద కొట్టించుకున్న పిల్లవాడి ముఖం.

లోపలికి వచ్చి చెల్లెలి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నిజమేనా?" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన లేచి వసారాలోకి పోయి, పీట మీది పుస్తకం తెచ్చి పొయ్యిలో వేశాడు. వదిన కెవ్వుమంది. మంట ఎగిసింది. ఆ మంట ముందు కూర్చుని ఆయన జిరహ మొదలుపెట్టాడు. మూడు ప్రశ్నల ఎత్తు, పోలిక ఎత్తు, పతా లేని సోదరి, అన్నీ ఒకటొకటిగా, ఎక్కడా తడబడకుండా విప్పాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న నేను, ఇంత తేటగా చెబుతుంటే కాదనేవాళ్లు ఉంటారా అనుకున్నాను.

వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. "గెలిచినవ్ తియ్యన్న. నువ్వెప్పుడు గెలుస్తవ్," అంది. కాసేపటికి మళ్లీ అంది. "నిద్రపట్టిందా అని గా పుస్తకమొక్కటే అడిగింది నన్ను. దాన్ని కాలవెట్టినవ్."

మర్నాటికి జ్వరం తలకెక్కింది. మాత్ర పెదవుల దగ్గరికి తెస్తే పళ్లు బిగించేది. నాలుగు మాటలు సోయిలో, నాలుగు సోయి తప్పి. కాంపౌండరు వచ్చి చూసి, మందు లోపలికి పోకపోతే తన చేతిలో ఏమీ లేదని చెప్పి వెళ్లాడు. బావ వసారాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత లోపలికి వచ్చాడు. చేతిలో ఒక పుస్తకం ఉంది.

"చెల్లె, గా పుస్తకానికి రెండో భాగమున్నదే. తెప్పించిన. చదువాల్నా?" అన్నాడు.

వదిన కళ్లు తెరిచింది.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. అదే మెత్తని గొంతు. "సోదరీ, నీకు కంటి నిండా నిద్ర పట్టి ఎన్నాళ్లయింది? నీ దాహం నువ్వే ఓర్చుకున్నావా? నీవల్ల ఇంకొకరు బాధపడకూడదని అనుకున్నావా?" ఆమె ప్రతిదానికీ తల ఊపుతోంది. మూడు, అని లెక్కపెట్టుకున్నాను నేను తలుపు దగ్గర. "కాలువ నీళ్లు పారించుకున్న రైతు వానను కాదన్నట్టా? మాత్ర మింగినవాడు నమ్మకాన్ని కాదన్నట్టా? ఏ చెయ్యి వానను పంపిందో కాలువనూ ఆ చెయ్యే పంపింది." పోలిక. "ఒకానొక పట్టణంలో ఒక సోదరి చేదు మాత్రను ప్రసాదమని కళ్లకద్దుకుంది." పతా లేని సాక్షి. "నమ్మినవారు చేదుకు వెరవరు. వెరిచారంటే నమ్మకం చాలలేదు." చివరి పేజీ మాట. జన్మలో చూడలేదన్న ఎత్తు అది. దాన్నే వేశాడు, సొంత చెల్లెలి మీద.

అప్పుడు ఆయన పేజీ తిప్పాడు. ఎడమ నుంచి కుడికి తిప్పాడు. ఆయన చేతిలో ఉన్నది కచేరి చట్టాల పుస్తకం. కుడి నుంచి చదివే ఉర్దూది. అందులో సోదరీ లేదు, కాలువా లేదు. సాక్ష్యం లేకుండా వాన వస్తుందంటే ఒప్పుకోని మనిషి, ఒక్క అక్షరం లేని చోట నుంచి పేజీలు పేజీలు చదువుతున్నాడు!

వదిన నోరు తెరిచింది. మాత్ర వేశాను. కళ్లకద్దుకుని మింగింది.

ఆమె లేచింది. లేచి తిరిగింది, రొట్టెలు చేసింది, నవ్వింది. అంతటితో అయిపోతే బాగుండేది. ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషితో, "రెండో భాగం నన్ను బతికించింది," అని చెప్పసాగింది. ఆ మాట ఊరు దాటింది. ఊరు దాటేటప్పుడు మాత్రల సంగతి దారిలో పడిపోయింది. ఫలానా వకీలు చెల్లెలు మందు ముట్టకుండా నమ్మకంతోనే లేచిందని వినికిడి. పతా లేని సోదరికి ఇప్పుడు పతా దొరికింది, అదీ ఆయన ఇంటిదే. బావ ఏమీ అనేవాడు కాదు. శుక్రవారం చాప పరవడం మానేశాడు. నిజం చెబితే చెల్లెలు మళ్లీ మందు మానేస్తుందేమోనని భయం. ఆ భయం నాకూ ఉండేది.

ఒకనాటి పొద్దున జుక్కల్ వైపు నుంచి ఒకామె బండి దిగింది. చంకలో కూతురు, ఒళ్లు కాలిపోతోంది. మాటలో సగం మరాఠీ. "గా రెండో భాగం చదువు అయ్యా. మందు ముట్టియ్యలె, ఒట్టు. నమ్మకం చెడిపోనియ్యలె," అంది.

వదిన సంబరంగా, "చదువన్నా," అంది.

బావ ఆ పిల్ల ముఖం చూశాడు. చెల్లెలి ముఖం చూశాడు. కచేరికి పోవడానికి టోపీ పెట్టుకుని ఉన్నాడు, అది తీశాడు. మూలన ఉన్న ముక్కాలిపీటను వసారా మధ్యకు లాగి, దాని మీద తాను కూర్చున్నాడు. ఆ పీట మీద మనిషి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

తన్ను తానే అడగడం మొదలుపెట్టాడు. కచేరి గొంతుతో ప్రశ్న, చిన్న గొంతుతో జవాబు.

"పుస్తకానికి రెండో భాగమున్నదా?"

"లేదు."

"మరి ఆనాడు ఏం చదివినవ్?"

"చదువలె. నోటికొచ్చింది చెప్పిన."

"చేతిల ఏముండె?"

"కచేరి పుస్తకం."

"నీ చెల్లె ఎట్ల బతికింది?"

"మాత్రలు మింగింది. ఇచ్చినప్పుడల్లా మింగింది."

"అబద్ధం ఎందుకాడినవ్?"

జేబులోకి చెయ్యి పోయింది, ఖాళీగా బయటికి వచ్చింది. "సచ్చిపోతదని భయపడ్డ. నాకెవరున్నరు?" అన్నాడు.

జుక్కల్ ఆమె ఏమీ అర్థం కానట్టు చూస్తోంది. వదిన విసురుగా లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందేమో, ఏం చేసుకుంటుందో అని నేను వెనకే పరుగెత్తాను. ఆమె గూట్లోంచి తన మాత్రలు తీసింది. చెంబులో నీళ్లు ముంచింది. వసారాలోకి వచ్చి, అన్న వైపు చూడకుండా, ఆ తల్లి పక్కన కూర్చుంది.

"చేదుగుంటయి. బెల్లంల పెట్టి మింగియ్యి," అంది. తర్వాత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీకు కంటినిండ నిద్ర పట్టి ఎన్నొద్దులైంది తల్లీ?"

ఆ తల్లి భోరున ఏడ్చింది.

వదిన అన్నతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, మాట మాత్రం లేదు. బతికించినందుకు కాదు. తన నమ్మకాన్ని పరాయి మనిషి ముందు పీట ఎక్కించినందుకు. బావ రోజూ కచేరికి బయలుదేరే ముందు వంటింటి గడప దగ్గర నిలబడి, "చెల్లె, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేవాడు. జవాబు వచ్చేది కాదు. కాసేపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు. వానలు వెనకబడ్డాయి, చలి వచ్చింది, చలి పోయింది. ఆయన అడగడం మానలేదు. గోడకు ఇవతల నుంచి వింటూ నాకే ఉక్రోషం వచ్చేది, ఒక్క మాట అంటే ఏం పోతుందమ్మా అని.

ఒక పొద్దున నేను పిండి చాట అడగడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. ఆయన అడిగాడు. వదిన రొట్టె పెనం మీద వేసి, వెనక్కి తిరగకుండా అంది.

"పట్టలేదన్నా. నన్ను ఈ ఇంటికి తెచ్చిన దినం నుంచి సరిగ పట్టలే."

కచేరికి ఒక్కనాడూ ఆలస్యంగా పోని మనిషి. బయట ఎవరో కక్షిదారు కేకేస్తున్నాడు. బావ టోపీ తీసి పక్కన పెట్టి, ముక్కాలిపీట లాక్కుని గడప దగ్గర కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.